రాష్ట్రపతి అభ్యర్థి, మైనారిటీ ఓటరు: నంద్యాల నుంచి చూసిన లెక్క

భారత రాష్ట్రపతి పదవికి పోటీచేసే అభ్యర్థి ఏ మసీదు వీధిలోనూ, ఏ చర్చి ముంగిట్లోనూ, నల్లమలలోని ఏ చెంచుగూడెంలోనూ ఓటు అడగడు. ఆయన ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే. అయినా 1967 నుంచి ఇప్పటిదాకా జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో మైనారిటీల ప్రస్తావన రానివి చాలా తక్కువ. పోలింగు గదిలోకి అడుగే పెట్టని ఆ ఓటరుతో పెంచుకున్న సంబంధం, తెంచుకున్న సంబంధం అభ్యర్థి గెలుపోటములను ఎంతవరకు మారుస్తాయన్నది ఈ స్మారకోపన్యాసానికి విషయం. నంద్యాల లోక్‌సభ స్థానంలో గెలిచి, నాలుగు నెలలకే రాష్ట్రపతి భవనానికి చేరిన నీలం సంజీవరెడ్డి స్మృతిలో జరుగుతున్న సభ ఇది. రైతులు, ఉపాధ్యాయులు, నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవారు కలిసి కూర్చున్న ఈ కొలిమిగుండ్ల సభకు ఈ విషయం దూరపుదేమీ కాదు. ఒకే పదవికి రెండుసార్లు పోటీపడి, ఒకసారి ఓడి, మరోసారి పోటీయే లేకుండా గెలిచిన సంజీవరెడ్డి జీవితంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులూ ఉన్నాయి.

ముందుగా ఎన్నిక యంత్రాంగం తెలియాలి. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయసభలకు, శాసనసభలకు ఎన్నికైన సభ్యులే రాష్ట్రపతిని ఎన్నుకుంటారు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. లోక్‌సభలో, కొన్ని శాసనసభల్లో ఆంగ్లో ఇండియన్లకు 2020 దాకా నామినేషన్ సౌకర్యం ఉండేది. ఒక చిన్న మైనారిటీకి రాజ్యాంగం ప్రత్యేకంగా ఇచ్చిన ఆ ప్రతినిధులు చట్టాలు చేయడంలో పాలుపంచుకున్నారు గానీ రాష్ట్రపతి ఎన్నికలో మాత్రం ప్రేక్షకులే. ప్రాతినిధ్యం ఇవ్వడం వేరు, ఓటు ఇవ్వడం వేరు. ఈ తేడా ముందు ముందు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

శాసనసభ్యుడి ఓటుకు ఒక విలువ ఉంటుంది. 1971 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాను సభ్యుల సంఖ్యతోనూ, వచ్చినదాన్ని వెయ్యితోనూ భాగిస్తే ఆ విలువ వస్తుంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు విలువ 159, తెలంగాణ సభ్యుడిది 132. ఉత్తరప్రదేశ్‌లో అది 208. నాగాలాండ్‌లో 9, మిజోరంలో 8. క్రైస్తవులు అత్యధికంగా ఉన్న ఈ రెండు ఈశాన్య రాష్ట్రాల శాసనసభలను కలిపినా 860 దాటదు. ఆంధ్రప్రదేశ్ ఒక్కదానిదే 27,825. జనాభాను బట్టి చూస్తే ఇది న్యాయమే. కానీ ఒక మైనారిటీ తన సొంత రాష్ట్రంలో మెజారిటీగా ఉన్నంత మాత్రాన రాష్ట్రపతి ఎన్నికలో బలం రాదని ఈ అంకెలు చెబుతున్నాయి. పెద్ద రాష్ట్రాల్లో చెదురుగా ఉండి, అక్కడి ఎమ్మెల్యేల గెలుపోటములను తేల్చే మైనారిటీకే ఈ పద్ధతిలో అసలు బలం.

కొలిమిగుండ్ల ఓటరు మాట ఈ లెక్కలోకి బనగానపల్లె శాసనసభ్యుడి ద్వారా, నంద్యాల లోక్‌సభ సభ్యుడి ద్వారా చేరుతుంది. ఈ ప్రాంతంలో మైనారిటీ అనే మాటకు ఒకే ముఖం లేదు. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉంది. పట్టణాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. పల్లెల్లో తెలుగు తప్ప మరో భాష రాని దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు ఉన్నాయి. రిజర్వేషన్ జాబితాలో దూదేకులవారు బీసీ-బిలో ఉంటే, 2007లో 4 శాతం కోటా పొందిన ముస్లిం వర్గాలు బీసీ-ఇలో ఉన్నాయి. పీర్ల పండుగ వస్తే చావిడి దగ్గర గుండం తవ్వేవారిలో, పీర్లను ఎత్తుకునేవారిలో హిందువులు కూడా ఉంటారు. హుసేనప్ప, ఫక్కీరప్ప, దస్తగిరి అనే పేర్లు హిందువుల ఇళ్ళలోనూ వినిపిస్తాయి. అందువల్ల మైనారిటీ ఓటును ఒక మూటగా చూసి, దాని ముడి ఎవరి చేతిలో ఉందోనని వెతికే రాజకీయం ఈ సీమలో సగమే పనిచేస్తుంది. దూదేకులవారి మాట ఒకటైతే, పట్టణంలోని వ్యాపారి మాట మరొకటి. ఎన్నికల విశ్లేషణల్లో ఈ తేడా తరచుగా కనబడదు.

చరిత్రలోకి వెళ్తే మొదట ఆగాల్సిన మజిలీ 1967. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో కాంగ్రెస్ లోక్‌సభలో 283 స్థానాలకు పడిపోయింది, అనేక రాష్ట్రాల్లో అధికారం పోగొట్టుకుంది. రాష్ట్రపతి అభ్యర్థిగా అప్పటి ఉపరాష్ట్రపతి జాకిర్ హుసేన్‌ను నిలిపింది. ప్రతిపక్షాలు రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావును ముందుకు తెచ్చాయి. గోలక్‌నాథ్ తీర్పు వెలువడి రెండు నెలలైనా కాకముందే ఆయన పదవికి రాజీనామా చేసి పోటీకి దిగారు. జాకిర్ హుసేన్ కూడా పుట్టింది హైదరాబాదులోనే. అంటే ఆ ఎన్నికలో ప్రధాన అభ్యర్థులు ఇద్దరూ తెలుగు నేలమీద పుట్టినవారే. జాకిర్ హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. బరిలో నిలిచిన 17 మందిలో తొమ్మిదిమందికి ఒక్క ఓటు కూడా రాలేదు. దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి వచ్చారు. కానీ ఆ గెలుపు ముస్లిం ఓటర్ల వల్ల వచ్చిందనడం సరికాదు. కాంగ్రెస్‌కు ఇంకా మిగిలి ఉన్న సంఖ్యాబలమే ఆయన్ను గెలిపించింది. సెక్యులర్ రాజ్యమని ప్రపంచానికి చెప్పుకోవలసిన అవసరం, ఉత్తరాదిలో ముస్లిం ఓటు చేజారుతున్నదన్న భయం ఆయన ఎంపికకు తోడ్పడ్డాయంటే నమ్మవచ్చు. మైనారిటీ ఓటరు ప్రభావం ఇక్కడ అభ్యర్థి ఎంపికలో పనిచేసింది, లెక్కింపులో కాదు.

జాకిర్ హుసేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. తర్వాత జరిగిన ఎన్నికలో లెక్కింపు కూడా మైనారిటీ పార్టీల దాకా వచ్చింది. కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు బెంగుళూరులో ప్రధాని ఇందిరాగాంధీ ఇష్టానికి విరుద్ధంగా నీలం సంజీవరెడ్డి పేరు ఖరారు చేసింది. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. జనసంఘ్, స్వతంత్ర పార్టీల అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్యంతో ఎవరూ గెలవకపోవచ్చని గ్రహించిన కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప, దేశ్‌ముఖ్ శిబిరం రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి పడేలా జనసంఘ్, స్వతంత్ర నాయకులతో మాట్లాడారు. ఆ మంతనాలే ఇందిర వర్గానికి ఆయుధమయ్యాయి. జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అధ్యక్షుడికి లేఖ రాసి ఆ సంప్రదింపులను నిలదీశారు. ఒకరు దళిత నాయకుడు, మరొకరు ముస్లిం నాయకుడు. కాంగ్రెస్ తనకు పెట్టనికోట అనుకున్న రెండు వర్గాల నుంచి వచ్చిన ప్రశ్న అది. ఇందిరాగాంధీ విప్ జారీకి ఒప్పుకోలేదు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలుపుకు కావలసింది 4,18,169. మిగిలినవారిని తొలగించి వారి రెండో ప్రాధాన్య ఓట్లు పంచేసరికి గిరి 4,20,077కు, సంజీవరెడ్డి 4,05,427కు చేరారు. ఇక్కడ ఒక విషయం నిలబెట్టి చూడాలి. బదిలీ అయిన ఓట్లలో సంజీవరెడ్డికి 91,879, గిరికి 18,562 మాత్రమే వచ్చాయి. అంటే నిజలింగప్ప బేరం ఫలించింది. జనసంఘ్, స్వతంత్ర శిబిరం నుంచి ఆశించినది చాలావరకు దక్కింది. అయినా ఓటమి తప్పలేదు. ఆ దిక్కున సంపాదించుకున్న దానికంటే ఇటు మొదటి ప్రాధాన్యంలో పోగొట్టుకున్నది ఎక్కువ.

గిరి వెనుక నిలిచినవారిలో కమ్యూనిస్టులతోపాటు ద్రవిడ మున్నేట్ర కజగం, అకాలీదళ్, ముస్లిం లీగ్ ఉన్నాయి. మైనారిటీ అంటే మతం ఒక్కటే కాదనుకుంటే, హిందీ ఆధిపత్యానికి ఎదురునిలిచి 1967లో అధికారంలోకి వచ్చిన డీఎంకే భాషా మైనారిటీ గొంతు. లోక్‌సభకు ఆ పార్టీ నుంచి గెలిచినవారు 25 మంది. అప్పటి ఎంపీ ఓటు విలువ 576 చొప్పున వారివి 14,400 అవుతాయి. గిరి ఆధిక్యం 14,650. తమిళనాడు శాసనసభలోని డీఎంకే సభ్యుల ఓట్లు దీనికి అదనం. కేరళలో ముస్లిం లీగ్, పంజాబులో అకాలీల ఓట్లు కూడా కలిపితే, ఈ వర్గాల పార్టీలు ఎటు మొగ్గితే ఫలితం అటు తిరిగే ఎన్నిక అది. కాంగ్రెస్ చీలికే ఆ ఫలితానికి మూలకారణమన్నది నిజం. అయితే ఆ చీలిక వల్లనే చిన్న పార్టీల ఓట్లకు అంత విలువ వచ్చింది. ప్రధానంగా పోటీపడినవారిద్దరూ తెలుగువారే కావడంతో ప్రాంతాభిమానం కూడా ఎవరికీ పూర్తిగా తోడురాలేదు. ఒకరిది అనంతపురం జిల్లా ఇల్లూరు, మరొకరిది బరంపురం.

సంజీవరెడ్డి 1971లో అనంతపురంలో లోక్‌సభకు పోటీచేసి మళ్ళీ ఓడారు. కొంతకాలం రాజకీయాలకు దూరంగా వ్యవసాయం చేసుకున్నారు. ఈలోగా 1974లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రాష్ట్రపతి అయ్యారు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ఉత్తర్వుపై సంతకం పెట్టింది ఆయనే. తర్వాతి ఏడాది ఢిల్లీ తుర్క్‌మన్ గేటు దగ్గర ఇళ్ళ కూల్చివేత, ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ముస్లింలను, దళితులను తీవ్రంగా దెబ్బతీశాయి. రాష్ట్రపతి భవనంలో తమవాడున్నాడన్న తృప్తి ఆ వీధుల్లో ఎవరికీ అక్కరకు రాలేదు. కాంగ్రెస్‌తో మైనారిటీల సంబంధం ఆ ఏడాదిలో తెగినంతగా అంతకుముందెన్నడూ తెగలేదు. 1977 మార్చి ఎన్నికల్లో ఢిల్లీ జామా మసీదు ఇమాం అబ్దుల్లా బుఖారీ జనతా పార్టీకి ప్రచారం చేశారు. ఉత్తరప్రదేశ్‌లోని 85, బీహారులోని 54 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం గాలి మరోవైపు వీచింది. 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థి సంజీవరెడ్డి గెలిచారు. కాంగ్రెస్ ప్రభంజనంలో ఈ సీమ ఓటరు ఒక్క స్థానంలో వేరుగా తేల్చిన తీర్పు, దేశ రాజకీయాల్లో ఎన్నో ఏళ్ళు చెప్పుకునే విషయమైంది. మార్చి 26న ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు.

ఆయన రాష్ట్రపతి కావడానికి నంద్యాల గెలుపు ద్వారం తెరిచింది. కానీ ఆ ద్వారం వెనుక ఉన్న బలం ఉత్తరాదిది. జనతా ప్రభుత్వం ఏప్రిల్‌లో తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దు చేయించింది. తాత్కాలిక రాష్ట్రపతి బి.డి.జత్తి సంతకం పెట్టడానికి మొదట తటపటాయించారు కూడా. జూన్‌లో ఆ రాష్ట్రాల్లో ఎన్నికలు జరిగాయి. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఫిబ్రవరి 11న మరణించడంతో ఖాళీ అయిన పదవికి జూలైలో ఎన్నిక జరిగేసరికి, ఓటు వేసేవారి బృందమే మారిపోయింది. కాంగ్రెస్ కూడా సంజీవరెడ్డిని ఒప్పుకుంది. 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురయ్యాయి. జూలై 21న ఆయన ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు, 25న ప్రమాణం చేశారు. 1969లో తనను ఓడించిన శిబిరమే ఎనిమిదేళ్ళ తర్వాత తనకు ఎదురునిలవలేకపోయింది. ఆ నిస్సహాయతకు పెద్ద కారణం తుర్క్‌మన్ గేటు వంటిచోట్ల పోయిన ఓటు. సంజీవరెడ్డి స్వయంగా మైనారిటీలతో ప్రత్యేక బంధం పెంచుకుని ఆ పదవిని అందుకోలేదు. ప్రత్యర్థి తెంచుకున్న బంధం ఆయనకు కలిసివచ్చింది. ఈ రెండింటి మధ్య తేడాను రాజకీయ చరిత్రలు సరిగా పట్టించుకోలేదు.

రాష్ట్రపతి పదవికి మైనారిటీ నాయకుణ్ణి ఎంచడం వేరు, ఆ మైనారిటీ ఓటరుతో సంబంధం పెట్టుకోవడం వేరు. 1982లో జ్ఞానీ జైల్‌సింగ్ తొలి సిక్కు రాష్ట్రపతి అయ్యారు. రెండేళ్ళకే ఆపరేషన్ బ్లూస్టార్ జరిగింది. 2002 పరిస్థితి మరింత స్పష్టం. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుజరాత్ హింస దేశాన్ని కుదిపేసింది. ఎన్డీయేకు బయటినుంచి మద్దతిస్తున్న తెలుగుదేశానికి లోక్‌సభలో 29 మంది సభ్యులున్నారు. గుజరాత్‌పై లోక్‌సభలో జరిగిన ఓటింగుకు ఆ పార్టీ దూరంగా ఉంది. రాష్ట్రపతి అభ్యర్థి కోసం వెతుకులాటలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన కృష్ణకాంత్ పేరు, క్రైస్తవుడైన పి.సి.అలెగ్జాండర్ పేరు వచ్చి ఆగిపోయాయి. చివరకు హైదరాబాదులో క్షిపణి పరిశోధనకు నాయకత్వం వహించిన ఎ.పి.జె.అబ్దుల్ కలాం పేరు ఖరారైంది. కలాం 9,22,884 ఓట్లతో, లక్ష్మీ సెహగల్‌పై ఏకపక్షంగా గెలిచారు. ప్రజల్లో ఆయనకున్న ఆదరణ అబద్ధం కాదు. కానీ ఆ ఎంపిక వల్ల ఆ కూటమికి ముస్లిం ఓటరు దగ్గరయ్యాడనడానికి ఆధారం తక్కువ. 2004 ఎన్నికల్లో తెలుగుదేశం శాసనసభలో 47 స్థానాలకు, లోక్‌సభలో 5కు పడిపోయింది. ఆ ఓటమికి కరువు, రైతుల ఆత్మహత్యలు, విద్యుత్ ఛార్జీలు కారణాలుగా ముందుంటాయి. బీజేపీతో పొత్తు వాటికి తోడైంది. కలాం రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే, 2006లో, జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ముస్లింల చదువు, ఉద్యోగాలు, రుణాల పరిస్థితి ఎంత వెనకబడి ఉందో నివేదిక ఇచ్చింది.

గెలుపుకు కావలసింది గుర్తింపు కాదు, లెక్క అనడానికి మేఘాలయ నాయకులిద్దరి ఓటమి సాక్ష్యం. గిరిజన నాయకుడు జి.జి.స్వెల్ 1992లో శంకర్‌దయాళ్ శర్మ చేతిలో ఓడారు. తొలి గిరిజన రాష్ట్రపతి కావాలన్న నినాదంతో నిలిచిన పి.ఎ.సంగ్మా 2012లో ప్రణబ్ ముఖర్జీ చేతిలో 7,13,763కు 3,15,987 ఓట్లతో ఓడారు. పదేళ్ళకు అదే నినాదం ద్రౌపది ముర్ము విషయంలో నిజమైంది. సంగ్మాకు లేనిది, ముర్ముకు ఉన్నది కేంద్రంలోని అధికార కూటమి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పోలైన ఓట్లన్నీ ముర్ముకే పడ్డాయి. యశ్వంత్ సిన్హాకు ఒక్కటీ రాలేదు. వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ ఆమె వెనుకే. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి శ్రీశైలం వచ్చినప్పుడు చెంచులతో మాట్లాడారు. ఓటరుతో సంబంధం ఎన్నికకు ముందు కాదు, తర్వాత ఏర్పడింది. ఈ వ్యవస్థలో అదే సహజం.

ఇంత పెద్ద లెక్కను ఒక చిన్న ఊరి అనుభవంలో చూడాలంటే 2017 నంద్యాల కంటే మంచి చోటు లేదు. నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి మార్చి 12న మరణించారు. జూలై 17న రాష్ట్రపతి ఎన్నిక జరిగినప్పుడు ఆ స్థానం ఖాళీ. అంటే రామ్‌నాథ్ కోవింద్, మీరాకుమార్‌ల మధ్య పోటీలో నంద్యాల శాసనసభ ఓటు, ఆ 159, లేనేలేదు. ఉన్నా ఒరిగేదేమీ లేదు. రాష్ట్రంలోని రెండు ప్రధాన పార్టీలూ కోవింద్‌కే మద్దతిచ్చాయి. ఐదు వారాల తర్వాత, ఆగస్టు 23న, అదే స్థానంలో ఉప ఎన్నిక వచ్చింది. అప్పుడు పట్టణంలో గణనీయంగా ఉన్న ముస్లిం ఓటు కోసం అవే రెండు పార్టీలు వీధివీధీ తిరిగాయి. రోడ్ల వెడల్పు, ఇళ్ళు, పదవులు, హామీలు ఏవీ మిగలలేదు. తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల ఆధిక్యంతో శిల్పా మోహన్‌రెడ్డిపై గెలిచారు. అదే ఓటరు, అవే పార్టీలు, అదే వానాకాలం. జూలైలో ఆ ఓటరును అడిగినవారు లేరు, ఆగస్టులో అడగనివారు లేరు. రాష్ట్రపతి ఎన్నికలో బీజేపీ అభ్యర్థికి మద్దతిచ్చినందుకు ఏ పార్టీ కూడా రెండోదాన్ని నిలదీయలేకపోయింది. తానూ అదే చేసింది గనక. పార్టీల మధ్య పోటీ ఉన్నంతవరకే మైనారిటీ ఓటుకు బరువు. పోటీ లేని చోట అది ఎంత పెద్దదైనా తూకంలోకి రాదు.

ఫలితాల నుంచి కారణాలు తీయడంలో జాగ్రత్త కూడా అవసరమని నంద్యాలే నేర్పుతుంది. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.నరసింహారావు ఇక్కడ బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌పై ఐదు లక్షల ఎనభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 1996లో ఆ ఆధిక్యం బాగా తగ్గింది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముస్లింలు దూరమవడమే కారణమని కొందరు తేల్చేస్తారు. కానీ 1991లో తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు, 1996లో భూమా నాగిరెడ్డిని నిలిపింది. రెండు కారణాలు కలిసి పనిచేసినచోట ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకోవడం విశ్లేషణ కాదు.

పోటీ ఉన్నచోటే మైనారిటీ ఓటుకు బరువన్న మాటను ప్రజలు నేరుగా ఓటువేసే దేశాల అనుభవం కూడా బలపరుస్తుంది. శ్రీలంకలో 2005 అధ్యక్ష ఎన్నికల్లో ఎల్టీటీఈ బహిష్కరణ పిలుపుతో జాఫ్నా ఓటరు ఇంట్లోనే ఉండిపోయాడు. మహింద రాజపక్స లక్షా ఎనభై వేల ఓట్ల తేడాతో రణిల్ విక్రమసింఘేపై గట్టెక్కారు. 2015లో సింహళ ఓటు చీలింది. తమిళ, ముస్లిం ఓటర్లు కదలివచ్చి మైత్రీపాల సిరిసేనకు 51.28 శాతం తెచ్చిపెట్టారు. 2019లో ఈస్టర్ పేలుళ్ళ తర్వాత సింహళ ఓటు ఒక్కటైంది. ఉత్తర, తూర్పు ప్రాంతాలు సజిత్ ప్రేమదాసకే వేసినా గోటబయ రాజపక్స 52.25 శాతంతో గెలిచారు. మైనారిటీ అదే, దాని మొగ్గు అదే. మెజారిటీ చీలినప్పుడు అది గెలిపించింది, ఒక్కటైనప్పుడు గెలిపించలేకపోయింది.

అమెరికాలో 1960 అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్ జార్జియా జైల్లో ఉన్నప్పుడు, జాన్ కెన్నెడీ ఆయన భార్య కొరెట్టాకు ఫోన్ చేశారు. నిక్సన్ మౌనంగా ఉన్నారు. అంతవరకు రిపబ్లికన్ పక్షాన ఉన్న కింగ్ తండ్రి బహిరంగంగా కెన్నెడీవైపు మారారు. నల్లజాతి ఓటర్లలో డెమొక్రాట్ల మద్దతు 1956లో 61 శాతం నుంచి 68 శాతానికి పెరిగిందని గాలప్ లెక్క. దేశం మొత్తంమీద కెన్నెడీ ఆధిక్యం లక్షా పన్నెండు వేల చిల్లర, ఇల్లినాయ్‌లో తొమ్మిది వేలలోపు. ఇంత సన్నని తేడాలో ఒక ఫోన్ పిలుపుకు చరిత్రలో చోటు దక్కింది. అరవై ఏళ్ళకు అదే జార్జియాలో బైడెన్ 11,779 ఓట్లతో గెలిచారు. అట్లాంటా శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను కూడా రెండు పార్టీలూ అప్పుడు లెక్కలోకి తీసుకున్నాయి. నంద్యాలలో మెజారిటీగా పుట్టినవాడు అక్కడ మైనారిటీ ఓటరు. అంత తక్కువ తేడా ఉన్నచోట ఏ చిన్న సమూహమైనా గెలిపించింది తానేనని చెప్పుకోవచ్చు. ఆ మాట ఎవరు చెప్పినా నిజమే, ఏ ఒక్కరిదీ పూర్తి నిజం కాదు.

తిరిగి భారతదేశానికి వస్తే, పోటీ ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. రాజ్యాంగం 55వ అధికరణం దామాషా ప్రాతినిధ్యమనే పేరు పెట్టింది గానీ, ఉన్నది ఒకే పదవి అయినప్పుడు దామాషాకు అర్థం లేదు. సగానికి మించి తెచ్చుకున్నవాడే గెలుస్తాడు. రహస్య బ్యాలెట్, విప్ లేకపోవడం అనే రెండు నియమాలు మాత్రం 1969లో మాదిరిగా సభ్యుడి ఇష్టానికి చోటిస్తాయి. ఆ చోటును ఇప్పటి సభ్యులు వాడుకునేది తక్కువ. మరోవైపు, 1980లో లోక్‌సభకు 49 మంది ముస్లింలు ఎన్నికైతే 2024లో 24 మందే ఎన్నికయ్యారు. ఓటువేసే బృందంలో మైనారిటీ సభ్యులు తగ్గుతున్నకొద్దీ, వారి మాట చెప్పే బాధ్యత మెజారిటీ వర్గాల నుంచి గెలిచిన సభ్యులపైనే పడుతుంది. కొలిమిగుండ్ల, కోవెలకుంట్ల, అవుకు మైనారిటీ ఓటర్ల మాటను బనగానపల్లె శాసనసభ్యుడే మోయాలి. ఆ సభ్యుడు ఏ పార్టీ అయినా, ఏ కులమైనా ఇది మారదు. అయితే ఎంపీ ఎన్నికలప్పుడు, ఎమ్మెల్యే ఎన్నికలప్పుడు అభ్యర్థిని ఈ మాట అడిగిన ఓటరు ఈ సీమలో ఇంతవరకు కనబడలేదు. రాష్ట్రపతి ఎన్నికలో మీరు ఎటు వేస్తారు, ఎందుకు వేస్తారు అన్న ప్రశ్న గ్రామసభల్లో వినిపించదు. అడగని ఓటుకు జవాబుదారీ ఉండదు.

ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జూలైతో ముగుస్తుంది. ఆ ఎన్నికకు ముందే పార్టీలు తమ అభ్యర్థిని ఖరారు చేస్తాయి, శాసనసభ్యులు వెలగపూడిలో ఓటు వేస్తారు. అంతలోపు నంద్యాల ఎంపీని, బనగానపల్లె ఎమ్మెల్యేను నిలబెట్టి అడగడానికి కొలిమిగుండ్ల ఓటర్లకు సమయం ఉంది. హుసేనప్ప అడిగినా, హుసేన్ అడిగినా ఆ ప్రశ్న ఒకటే.